ఇంటి స్విఫ్టు, తాటి స్విఫ్టు: గుర్తించు విధము

సాయంకాలమున ఊరిమీద కొడవలివంటి రెక్కలతో అతివేగముగా తిరుగాడు చిన్న నల్లని పిట్టలను పంచాయతీ సభ్యులందరును చూచియే యుందురు. పలువురు వీనిని వానకోయిలలని తలంతురు. కాని వానకోయిలలు తీగలపై వరుసగా వ్రాలును. ఈ పిట్టలు తీగపై గాని కొమ్మపై గాని కూర్చుండజాలవు. వీని పొట్టి కాళ్లు గోడనో ఆకునో గోళ్లతో పట్టుకొని వ్రేలాడుటకే తగియున్నవి. వీనికి ఇంగ్లీషులో స్విఫ్టులని పేరు. 2016లో పునర్విభజింపబడిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల ప్రాంతమున రెండు జాతుల స్విఫ్టులు సాధారణముగా కానవచ్చును.

మొదటిది ఇంటి స్విఫ్టు. దీని శరీరము నలుపు, గొంతు తెలుపు, నడుము వెనుక, తోకకు పైన, స్పష్టమైన తెల్లని పట్టీ కలదు. తోక పొట్టిది, చివర చదునుగా తెగినట్లుండును. ఇవి గుంపులు గుంపులుగా కీచుకీచుమనుచు కట్టడముల చుట్టును తిరుగును. పాత కోటలు, దేవాలయ గోపురములు, వంతెనలు, పాఠశాల వరండాలు వీని నివాసములు.

రెండవది తాటి స్విఫ్టు. ఇది ఒడలంతయు పొగవన్నె గోధుమరంగు. తెల్లని పట్టీ లేదు. రెక్కలు మరింత సన్నము. తోక పొడవైనది, లోతుగా చీలినది. కాని ముడిచినప్పుడు చీలిక కానరాక సూదివలె తోచును. కనుక మలుపు తిరుగునంతవరకు వేచి చూడవలెను. తాటివనములను ఇది విడువదు.

రెండును ఇంచుమించు 12, 13 సెంటీమీటర్ల పొడవే గనుక పరిమాణమునుబట్టి పోల్చరాదు. క్రిందినుండి చూచినప్పుడు తెల్లపట్టీ కనబడకపోవచ్చును. అప్పుడు తోకనే నమ్మవలెను.

గూళ్లయందు భేదము మరింత స్పష్టము. రెండును ఈకలను, నూగును గాలిలోనే ఏరుకొని తమ లాలాజలముతో అతికించును. ఇంటి స్విఫ్టు చూరుక్రింద గడ్డి, ఈకలతో గుండ్రని గూళ్లను పక్కపక్కనే కట్టి, యేండ్ల తరబడి వానినే వాడుకొనును. తాటి స్విఫ్టు వ్రేలాడు తాటికమ్మ అడుగుమడతలో చిన్న గిన్నెవంటి గూటిని అతికించును.

ఈ భేదము పంచాయతీకి ఏల కావలెనని అడుగవచ్చును. భవనమునకు సున్నము వేయించు పనిలో నశించునది ఇంటి స్విఫ్టు గూడు. ఎండుకమ్మలు నరికించు పనిలో నశించునది తాటి స్విఫ్టు గూడు. రెండును ఈగలు, ఉసిళ్లు మొదలగు ఎగురు పురుగులనే తిని బ్రదుకును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 'వేట' అను పదమునకిచ్చిన నిర్వచనమున పక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గూళ్లకు భంగము కలిగించుట కూడ చేరియున్నవి.

కావున మేము సూచించునది సులభమైన పని. పని మొదలిడుటకు ముందొక సాయంకాలము నిలిచి చూడుడు. పెద్దపిట్టలు గూటిలోనికి మాటిమాటికి పోయి వచ్చుచున్నచో పిల్లలున్నవని గ్రహించి, పనిని వాయిదా వేయుడు. ఇంటి స్విఫ్టు పిల్లలు ఎగిరిపోవుటకు సుమారు ఐదారు వారములు పట్టును. రెట్టపడుట ఇబ్బందియైనచో గూళ్ల క్రింద ఒక పలక బిగించిన చాలును. తాటిచెట్టున గూడున్న కమ్మను మాత్రము విడిచి తక్కినవానిని కోయింపవచ్చును.

ఒక వాయిదా, ఒక పలక, ఒక కమ్మ: ఇంతమాత్రము ఓపికతో ఊరి ఆకాశమున ఈ రెండు జాతులును నిలిచియుండును.