ముందు కొలత, తర్వాత కొనుగోలు



మీలో కొందరు కుట్టుపని నేర్చుకున్నారు. ఇంట్లోనే మిషను పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించాలని ఉంది. మంచిదే. కాని మిషను ఇంటికి వచ్చాక "ఎక్కడ పెట్టాలి? అప్పు ఎట్లా తీర్చాలి?" అనుకుంటే ఇబ్బంది. ముందే కొలుద్దాం. ముందే లెక్క రాద్దాం. మీకు చదువు వచ్చింది, అంకెలు వచ్చాయి. వాటికి పని చెబుదాం.

చోటు కొలవండి

పనికి వేరే గది అక్కర్లేదు. వాన జల్లు కొట్టని వసారా చాలు. కుట్టు టేపు తీసుకోండి. దాని మీద 60 అంగుళాలు ఉంటాయి. 12 అంగుళాలు ఒక అడుగు. అంటే టేపు మొత్తం 5 అడుగులు. వసారా పొడవు రెండు టేపులు వస్తే 10 అడుగులు.

ఇప్పుడు పిల్లల లెక్కల పుస్తకంలో గళ్ల కాగితం ఒకటి తీసుకోండి. ఒక గడి అంటే ఒక అడుగు. వసారా పొడవు 10, వెడల్పు 6 అనుకుందాం. గీత గీయండి. 60 గళ్లు వస్తాయి. మిషనుకు, స్టూలుకు కలిపి 4 గళ్ల పొడవు, 4 గళ్ల వెడల్పు ముక్క కత్తిరించండి. గుడ్డ కత్తిరించే బల్లకు 5 గళ్లు, 3 గళ్లు. ఆ ముక్కల్ని కాగితం మీద అటూ ఇటూ జరిపి చూడండి. తలుపుకు దారి ఉండాలి. పొయ్యికి దూరంగా ఉండాలి. కాగితం మీద జరపడానికి ఖర్చు లేదు!

వెలుగు ఎటునుంచి?

మిషను ముందు కూర్చుంటే సూది మన ఎడమ పక్కకు ఉంటుంది. మిషను మొద్దు కుడి పక్కన ఉంటుంది. కుడి నుంచి వెలుగు వస్తే సూది మీద నీడ పడుతుంది. అందుకే కిటికీ గాని, బల్బు గాని ఎడమ పక్కన ఉండేట్టు మిషను పెట్టండి. కళ్లకు శ్రమ తగ్గుతుంది.

బల్ల మనమే కట్టుకుందాం

నేల మీద వంగి గుడ్డ కత్తిరిస్తే నడుము పట్టేస్తుంది. పాత తలుపు చెక్క దొరికితే చాలు. మేకులు పీకేయండి. గరుకు కాగితంతో బాగా రుద్దండి. లేకపోతే గుడ్డ పట్టుకుని చిరుగుతుంది. రెండు ఇటుక దిమ్మెలు కట్టి, ఆరాక చెక్క పెట్టండి. కదలకుండా చూసుకోండి. ఎత్తు ఎంత? నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి బెత్తెడు దిగువన బల్ల ఉండాలి.

ఏది ముందు, ఏది తర్వాత?

ముందు కావలసినవి: తొక్కుడు మిషను, కత్తెర, టేపు, సూదులు, బాబిన్లు, దారాలు, సుద్ద. తొక్కుడు మిషనుకు కరెంటు అక్కర్లేదు. మోటారు తర్వాత పెట్టించుకోవచ్చు. అల్మరా, ఓవర్‌లాక్ మిషను కూడా పని పెరిగాకే.

పాత మిషను కొంటే చేత్తో చక్రం తిప్పి చూడండి. పట్టేయకుండా తిరగాలి. గుడ్డ ముక్క కుట్టి చూడండి. పైనా, కిందా కుట్టు ఒకేలా పడాలి. రసీదు మీ పేరు మీదే రాయించుకోండి. పేరు సరిగ్గా రాశారో లేదో మీరే చదువుకోండి.

ఇస్త్రీ పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు ఉండాలి. తీగలు పని తెలిసినవాళ్ల చేతనే వేయించండి.

లెక్క రాద్దాం

ధరలు ఊరిని బట్టి మారతాయి. ఇది నమూనా మాత్రమే.

పాత మిషను: 5,000 రూపాయలు
కత్తెర, టేపు, దారాలు వగైరా: 900
స్టూలు: 500
ఇటుకలు, చెక్క: 600
బల్బు, తీగ: 500
అనుకోని ఖర్చు: 500
మొత్తం: 8,000 రూపాయలు

చేతిలో 3,000 ఉంటే అప్పు 5,000. పొదుపు సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకుందాం. నెలకు 50 రూపాయలు. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 150. అసలు తీర్చకుండా ఏడాది ఉంచితే ఒకచోట 600, ఇంకోచోట 1,800. తేడా 1,200 రూపాయలు! ఏ అప్పుకైనా కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు.

సంఘానికి నెలకు 500 అసలు కడదాం. మొదటి నెల వడ్డీతో కలిపి 550. జాకెట్టుకు ఖర్చులు పోను 50 రూపాయలు మిగిలితే, 11 జాకెట్లు అప్పుకే పోతాయి. 12వ జాకెట్టు నుంచి డబ్బు మనది. మరి నెలకు 12 జాకెట్లకు మించి వస్తాయా? మీ వీధిలో, పక్క వీధిలో అడిగి రాసుకోండి. రావు అనిపిస్తే తొందరపడకండి. ఇద్దరు కలిసి ఒక మిషను కొనుక్కోవచ్చు. పూట పూట పంచుకోవచ్చు.

ప్రభుత్వ సాయం

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం 'పీఎం విశ్వకర్మ' పథకం మొదలుపెట్టింది. అందులో 18 చేతి వృత్తులు ఉన్నాయి. దర్జీ పని ఒకటి. అర్హత ఉన్నవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉంది. ఒక కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. దరఖాస్తులు తీసుకుంటున్నారేమో పంచాయతీ ఆఫీసులో అడగండి. "సాయం ఇప్పిస్తాను, డబ్బు ఇవ్వు" అనేవారిని నమ్మవద్దు.

చెప్పండి - రాయండి

1. మీ వసారా పొడవు ఎన్ని అడుగులు? వెడల్పు ఎన్ని అడుగులు? గళ్ల కాగితం మీద గీయండి.
2. మిషనుకు వెలుగు ఎడమ పక్కనుంచి ఎందుకు రావాలి?
3. 4,000 రూపాయల అప్పుకు రూపాయి వడ్డీ అయితే నెలకు ఎంత? రెండు రూపాయల వడ్డీ అయితే ఎంత?
4. మీ ఊళ్లో జాకెట్టు కుట్టుకూలి ఎంత? దారం, హుక్కుల ఖర్చు పోను ఎంత మిగులుతుంది? మీ సంఘంలో కూర్చుని లెక్క వేయండి.