లినక్స్ ప్రోగ్రామ్ ఆపిల్‌లో ఎందుకు నడవలేదు?



మన కంప్యూటర్ గదిలో లినక్స్ మీద మెస్సు బియ్యం లెక్క కట్టే ప్రోగ్రామ్ ఒకటి సీ భాషలో రాశాను. నలభై లైన్లే. సైన్స్ ఫెయిర్‌కి పోతూ, తయారైన ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. అక్కడ ఒక సార్ తన ఆపిల్ ల్యాప్‌టాప్ ఇచ్చారు. నడపబోతే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని వచ్చింది. అందరూ చూస్తున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రెండూ యూనిక్స్ లాంటివే కదా! యూనిక్స్‌ని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. తర్వాత దాని నుంచి కొన్ని, దాన్ని చూసి కొన్ని సిస్టమ్‌లు పుట్టాయి. లినక్స్ 1991లో, ఫ్రీబీఎస్‌డీ 1993లో వచ్చాయి. అన్నిటికీ పొత్తు కుదరాలని 1988లో పోసిక్స్ అనే ప్రమాణం పెట్టారు. అయితే అది మనం రాసే ప్రోగ్రామ్ గురించే చెబుతుంది. తయారైన ఫైలు లోపల ఎలా ఉండాలో చెప్పదు.

మా ఇంట్లో కోయ మాట్లాడతాం. కోయ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసిస్తే మీరు గడగడా చదివేస్తారు, అర్థం మాత్రం కాదు. ఇదీ అంతే. మనం "రైట్" అని పేరు రాస్తాం, ఫైలు లోపల మాత్రం సిస్టమ్‌ని నంబరుతో అడుగుతుంది. 64 బిట్ల ఎక్స్86 లినక్స్‌లో 1 అంటే రాయి అని. ఫ్రీబీఎస్‌డీలో 1 అంటే పని ముగించి వెళ్ళిపో అని! అక్కడ రాయడానికి 4. అందుకే ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు లినక్స్ ఫైలును గుర్తుపట్టి, దానికి లినక్స్ నంబర్ల పట్టికే వాడే ఏర్పాటు చేశారు. చాలా ప్రోగ్రామ్‌లు అలా నడుస్తాయట. ఆపిల్ మ్యాక్‌లో అయితే ఫైలు కట్టే పద్ధతే వేరు, అందుకని తెరవనే లేదు.

నాతో వచ్చిన పదో తరగతి అక్క నా ప్రాక్టికల్ నోట్‌బుక్ తెచ్చింది. అందులో ప్రోగ్రామంతా చేత్తో రాసి ఉంది. సార్ ల్యాప్‌టాప్‌లో సీ కంపైలర్ ఉంది. నేను చదివాను, అక్క టైపు చేసింది. ఒక్క అక్షరం మార్చకుండా కంపైల్ అయింది! బియ్యం లెక్క సరిగ్గా వచ్చింది. అప్పటికి జడ్జీలు పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

నోట్‌బుక్ నా పెట్టెలో ఉంది. రాసుకునేవాళ్ళు స్టడీ అవర్ తర్వాత అడగండి, పేజీలు మాత్రం చింపొద్దు.