రేడియేటర్లో మడ్డి: పవర్ ఫ్లష్‌కు ఒప్పుకునే ముందు

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల చెవిన మొదటి చలికాలంలోనే పడే మాట పవర్ ఫ్లష్. హాల్లో రేడియేటర్ సరిగా కాగడం లేదని ఇంజనీర్‌ను పిలిస్తే, ఓసారి తడిమి చూసి, సిస్టమ్ నిండా స్లడ్జ్ ఉందండీ అంటాడు. మెషీన్ పెట్టి కడగాలంటాడు. ఇంటిని బట్టి కొన్ని వందల పౌండ్లు. అతను అబద్ధమాడుతున్నాడని కాదు. కానీ ఆ మెషీన్ చివరి మెట్టు. దానికి కింద చవకైన మెట్లు చాలానే ఉన్నాయి.

అద్దె ఇంట్లో ఉంటే మాత్రం ఇందులో ఒక్క పౌండు కూడా మీ జేబులోంచి తీయకండి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మామూలు అద్దె ఇళ్లలో హీటింగ్‌ను, వేడినీటి ఏర్పాటును బాగుచేయించి ఉంచే బాధ్యత ఇంటి ఓనర్‌దే. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫోటోలు పెట్టి ఈమెయిల్ చేయండి.

ఇక సొంతిల్లు. రేడియేటర్లు ఉక్కువి. నీళ్లలో కలిసిన ఆక్సిజన్ ఆ ఉక్కును లోపల్నుంచి తినేస్తుంటుంది. అలా రాలిన నల్లటి ఐరన్ ఆక్సైడే ఆ స్లడ్జ్, అంటే మడ్డి. దాని పేరు మాగ్నటైట్. పేరుకు తగ్గట్టే అయస్కాంతానికి అంటుకుంటుంది. బాయిలర్‌కు వెళ్లే రాగి గొట్టం మీద చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. రాగికి అది అంటుకోకూడదు. అంటుకుందంటే లోపల మడ్డి పేరుకున్నట్టే. ఈ పరీక్షకు ఖర్చేం లేదు.

తర్వాత రేడియేటర్‌ను చేత్తో తడమాలి, మరీ కాలకుండా చూసుకుంటూ. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే మడ్డి కాదు, గాలి. రేడియేటర్ తాళంచెవితో పై స్క్రూ వదులు చేస్తే బుస్సుమని పోతుంది. పైనంతా వేడిగా ఉండి కింద మధ్యభాగం మాత్రం చల్లగా ఉంటే అది మడ్డి. ఒకే ఒక్క రేడియేటర్ మొత్తం చల్లగా ఉంటే ముందు దాని థర్మోస్టాట్ వాల్వును అనుమానించండి. వేసవంతా కదలక అందులోని చిన్న పిన్ను బిగుసుకుపోతుంది. పైన తల విప్పి పిన్నును మెల్లగా నొక్కితే దిగి, వదిలితే పైకి రావాలి. చాలాసార్లు 'స్లడ్జ్' అనుకున్నది ఈ పిన్నే.

మడ్డేనని తేలాక మొదటి మందు సీసా. ఫెర్నాక్స్ ఎఫ్3, సెంటినెల్ ఎక్స్400 లాంటి క్లీనర్లు ప్లంబింగ్ సామాన్ల షాపుల్లో ఇరవై పౌండ్లకు అటూఇటూగా దొరుకుతాయి. సిస్టమ్‌లో పోసి, సీసా మీద రాసినన్నాళ్లు హీటింగ్ నడిపి, నీళ్లన్నీ వదిలేసి, తేటగా వచ్చేదాకా కడిగేయాలి. అటకమీద చిన్న ట్యాంకు ఉన్న పాత రకమైతే, నీళ్లు వదలకముందే ఆ ట్యాంకు అడుగున ఉన్న చెత్తను కప్పుతో, స్పాంజితో ఎత్తేయండి. లేదంటే అదంతా గొట్టాల్లోకి దిగుతుంది. ఈ పని సెప్టెంబరులోనే పెట్టుకోవడం మంచిది. జనవరిలో ఏ నట్టో కారడం మొదలైతే ప్లంబర్ దొరికేసరికి ఇల్లంతా గడ్డకడుతుంది.

మందుకు లొంగని మొండి రేడియేటర్‌ను గోడమీంచి దించి కడగడమే అసలైన వైద్యం. ఇది గ్యాస్ పని కాదు కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. కానీ ఓపిక కావాలి. హీటింగ్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఒకవైపు లాక్‌షీల్డ్ వాల్వును మూస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకోండి. మళ్లీ అన్నే చుట్లు తెరవాలి, లేకపోతే గదుల మధ్య వేడి పంపకం చెడిపోతుంది. రెండోవైపు థర్మోస్టాట్ తలను 'సున్నా'కు తిప్పితే చాలదు. గది బాగా చల్లబడితే అది తనంతట తానే తెరుచుకోగలదు. తల తీసేసి, వాల్వును గట్టిగా మూసిపెట్టే మూత బిగించాలి. కింద ట్రే, చుట్టూ పాత తువ్వాళ్లు. కార్పెట్ మీద ఆ నల్లనీళ్ల మరక ఇక పోదు. రెండు పానాలు తీసుకుని, ఒకదాంతో వాల్వును కదలకుండా పట్టి, రెండోదాంతో నట్టు విప్పండి. పై స్క్రూ తెరిస్తే నీళ్లు ధారగా దిగుతాయి. రెండు పలకల రేడియేటరైతే దించడానికి ఇద్దరుండాలి. పెరట్లోకి తీసుకెళ్లి హోస్ పైపు పెట్టి, రబ్బరు సుత్తితో తడుతూ, తిరగేస్తూ కడిగితే సిరా లాంటి నీళ్లు వస్తాయి. వాటిని బక్కెట్లో పట్టి టాయిలెట్‌లో పోయండి. వాననీటి కాలువలోకి వదిలితే వాగుల్లోకి చేరతాయి. తిరిగి బిగించాక కాంబి బాయిలరైతే ప్రెషర్‌ను చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్యకు తెచ్చి, నీళ్లెక్కించే ఫిల్లింగ్ లూప్ మూసేయండి. కడిగినా లోపల కదలనంత గట్టిపడిందా? ఆ ఒక్కటీ కొత్తది వేయించినా పవర్ ఫ్లష్ కన్నా చవకే.

ఇంతా చేసి, అసలు మడ్డి ఎందుకు పట్టిందో కనుక్కోకపోతే మళ్లీ పడుతుంది. వారం వారం ప్రెషర్ పడిపోయి మీరు నీళ్లు ఎక్కిస్తున్నారంటే ఎక్కడో కారుతోంది. ఎక్కించిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి పోతోంది, లోపలున్న తుప్పు పట్టనివ్వని మందు పల్చబడుతోంది. ముందు ఆ కారుడు ఆపండి. అటకమీది ట్యాంకు ఇళ్లలో పంపు నడుస్తున్నప్పుడు పై గొట్టంలోంచి నీళ్లు ట్యాంకులో పడుతున్నాయేమో చూడండి. అలా పడుతుంటే సిస్టమ్ రోజంతా గాలి పీలుస్తున్నట్టే. అది ప్లంబర్ సరిచేయాల్సిన పని.

కడిగాక ఇన్‌హిబిటర్, అంటే ఆ తుప్పు పట్టనివ్వని మందు, పోయకుండా వదలొద్దు. ఫెర్నాక్స్ ఎఫ్1, సెంటినెల్ ఎక్స్100 ఆ కోవలోవి. వీలైతే బాయిలర్‌కు తిరిగొచ్చే గొట్టం మీద మాగ్నటిక్ ఫిల్టర్ పెట్టించండి. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 కూడా కడగడం, ఇన్‌హిబిటర్, ఫిల్టర్ మూడూ కావాలనే అంటుంది. నాకైతే ఈ మొత్తంలో డబ్బుకు తగిన ఫలం ఇచ్చేది ఫిల్టరే అనిపిస్తుంది.

పవర్ ఫ్లష్ వృథా అనను. చాలా రేడియేటర్లు మూసుకుపోయి, బాయిలర్ కెటిల్‌లా మరుగుతూ మోగుతుంటే, లేదా కొత్త బాయిలర్ పెట్టిస్తుంటే అది సబబే. 8, 10 మిల్లీమీటర్ల సన్న గొట్టాలున్న ఇళ్లలో మాత్రం అదీ పూర్తిగా పనిచేయకపోవచ్చు. తుప్పుపట్టిన పాత రేడియేటర్లకు చిల్లులు బయటపడే ప్రమాదమూ ఉంది. అందుకే ఒప్పుకునే ముందు, చిల్లు పడితే ఖర్చెవరిది, ఏ రేడియేటరైనా కాగకపోతే మళ్లీ వచ్చి చూస్తారా, చివర్లో ఇన్‌హిబిటర్ పోస్తారా అనేవి రాతపూర్వకంగా అడగండి. బాయిలర్ మూత విప్పే పనైతే గ్యాస్ సేఫ్ కార్డు చూపించమనండి. కార్డు వెనక అతనికి ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, అదీ చదవండి.