గుండెల్లో మంట

నాచారంలో ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఉప్పల్ బస్తీల నుంచి ఎందరో ఆడవాళ్లు అక్కడికి పనికి పోతారు. వాళ్లలో ఒక తల్లి సంగతి ఇది.

ఆమె తెల్లవారుజామున లేస్తుంది. వంట చేస్తుంది. పిల్లలకు డబ్బాలు సర్దుతుంది. తను మాత్రం ఉత్త చాయ్ తాగి పనికి పోతుంది. పగలు రెండు ముద్దలు తింటుంది. మళ్లీ చాయ్. నడుం నొప్పికి ఒక బిళ్ల. రాత్రి అందరూ తిన్నాక, పది గంటలకు కడుపు నిండా తింటుంది. గిన్నెలు తోమి, వెంటనే నడుం వాలుస్తుంది.

పడుకోగానే ఛాతీలో మంట. గొంతులోకి పుల్లటి నీళ్లు. పులితేన్పులు. "గ్యాస్ పట్టింది" అనుకునేది. మందుల షాపులో బిళ్ల కొని మింగేది. ఆరు నెలలు అట్లనే గడిచాయి.

ఒకరోజు అన్నం ముద్ద దిగలేదు. ఛాతీలో అడ్డం పడ్డట్టయింది. పక్కింటి అక్క చూసింది.

"ఇంకెన్ని రోజులు ఓర్చుకుంటవ్ చెల్లె? నీకు ఈ.ఎస్.ఐ. కార్డు ఉంది గదా! పా, పోదాం" అన్నది.

ఇద్దరూ నాచారం ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికి పోయారు. డాక్టరమ్మ ముందు గుండె పరీక్ష చేయించింది. గుండె బాగానే ఉంది.

"మరి ఈ మంట ఏంది డాక్టరమ్మా?"

డాక్టరమ్మ ఇలా చెప్పింది:

"గొంతు నుంచి కడుపు దాకా ఒక గొట్టం ఉంటుంది. దాన్ని అన్నవాహిక అంటారు. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది కడుపులో కలిసే చోట సంచి మూతికి బొందు ఉన్నట్టు ఒక కండరం ఉంటుంది. ముద్ద వస్తే తెరుచుకుంటుంది. తర్వాత మూసుకుంటుంది. కడుపులో అన్నం అరగడానికి ఆమ్లం ఊరుతుంది. కడుపు గోడకు జిగురు పొర కాపలా ఉంది. గొట్టానికి అంత కాపలా లేదు. బొందు వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అదే మంట."

ఎప్పుడో ఒకసారి మంట వస్తే భయం లేదు. వారానికి రెండు మూడు సార్లు వస్తుంటే అది జబ్బు. పట్టించుకోకపోతే గొట్టంలో పుండు పడుతుంది. పుండు మాని మచ్చ కట్టి, గొట్టం ఇరుకవుతుంది.

ఆమెకు సన్నని గొట్టంతో లోపల చూసే పరీక్ష చేశారు. పుండు పడింది. ఇరుకు కాలేదు. సమయానికి వచ్చింది. పొద్దున పరగడుపున, తిండికి అరగంట ముందు వేసుకోవాలని బిళ్లలు ఇచ్చారు. నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోవద్దన్నారు.

మంట తగ్గాలంటే

• ఒకేసారి కడుపు నిండా తినకూడదు. కొంచెం కొంచెం తినాలి.

• తిన్న మూడు గంటల తర్వాతే పడుకోవాలి.

• నూనె, కారం, చాయ్ ఎవరికి పడకపోతే వారు తగ్గించాలి. జర్దా, గుట్కా, కల్లు, సారా మానాలి.

• లంగా బొందు బిగించి కట్టకూడదు.

• మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి. తల కింద దిండ్లు పెంచితే లాభం లేదు. నడుము నుంచి పైకి వాలుగా ఉండాలి.

• ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మేలు.

కడుపుతో ఉన్నవారికి మంట ఎక్కువగా వస్తుంది. వారు డాక్టరును అడిగే మందు వేసుకోవాలి.

ఆలస్యం చేయకూడదు

ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గినా దవాఖానాకు పోవాలి. రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా వెంటనే పోవాలి.

ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి చేతికో దవడకో పాకితే అది గ్యాస్ అనుకోవద్దు. గుండెపోటు కావచ్చు. ఆడవాళ్లకు ఒక్కోసారి ఆయాసం, వికారం మాత్రమే ఉంటాయి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ.ఎస్.ఐ. కార్డు లేనివారు బస్తీ దవాఖానాకు పోవచ్చు. ఇవి హైదరాబాదులో 2018లో మొదలయ్యాయి. అక్కడ చూపించుకోవడానికి డబ్బు అక్కరలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రి ఏడున్నరకే అందరూ కలిసి తింటున్నారు. గిన్నెలు భర్త, పెద్ద కొడుకు తోముతున్నారు. ఆమె పదిన్నరకు పడుకుంటుంది. మంట తగ్గింది.

"అందరి కన్న ఆఖరున తినుడే నా రోగం అక్కా" అని ఆమె నవ్వింది.

ఆలోచించండి

1. ఆమెకు మంట ఎందుకు వచ్చింది?

2. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? ఎందుకు?

3. ఏ గుర్తులు కనబడితే 108కి ఫోన్ చేయాలి?