కాపరి ఆకలి

సంఘమునకు నాయకులైనవారు ఇతరులకు వడ్డించుటకు నియమింపబడినవారు. వడ్డించువాడు ఎప్పుడు భుజించునను ప్రశ్న పంక్తిలో కూర్చున్నవారికి సాధారణముగా తోచదు. ఈ పాఠమునందు మేము ఆ ప్రశ్ననే విచారింపదలచితిమి. బోధకుని జీతమునుగూర్చియు, ఇంటినిగూర్చియు సంఘసభలలో చర్చలు జరుగుచుండును, జరుగవలసినవే. కాని అతని అంతరంగము ఎట్లున్నదని విచారించువారు అరుదు.

మన అరకులోయకును, దాని చుట్టునున్న తూర్పు కనుమల మన్యమునకును ఈ విచారణ మిక్కిలి అవసరము. మైదానపు పట్టణములోని కాపరి తన భారమును సాయంకాలము మరియొక కాపరి యింటికి పోయి చెప్పుకొనవచ్చును. కొండమీదివానికి ఆ వసతి లేదు. ఒక గూడెమున ఆరాధన ముగించి, గెడ్డ దాటి మరియొక గూడెమునకు నడువవలెను. త్రోవలో జ్వరపడిన బిడ్డకు ప్రార్థన, ఒక పెండ్లి తగవు, పోడుభూమి హద్దునుగూర్చిన పేచీ. ఒక్కొక్కప్పుడు డోలీలో ఆసుపత్రికి మోసికొనిపోవు గర్భవతి వెంట నడక. చీకటిపడి ఇల్లు చేరినవానికి మోకాళ్లూనుటకు ఓపిక యుండదు. ఇట్లు ఒక దినము గడచిన చింతలేదు. ఏండ్లు గడచుటయే ప్రమాదము.

ఈ కొండలలో పనిచేసినవారి చరిత్ర శరీరరోగమునుగూర్చి మనకు చాల చెప్పును. జర్మనీదేశపు బ్రెక్లుం మిషనువారు 1882లో వచ్చి, మొదట బస్తరు చేర యత్నించి, అది సాగక, కొండల పాదమున సాలూరునందును, పైన కొరాపుటునందును స్థిరపడిరి. వారి పనినుండియే జయపురము లూథరను సంఘము 1928లో ఏర్పడెను. మన్యపు చలిజ్వరము వారిని మిక్కిలి బాధించెను. ఆ జ్వరమునకు వణుకు, మంట, చెమట అను గురుతులుండెను. క్వినైను అను మందుండెను. ఆత్మ కృశించుటకును గురుతులు కలవు గాని, అవి పనిచేయువానియందు గుణములవలె కనబడును. అదియే చిక్కు. అతడు విశ్రాంతి నెరుగడు. జనులు శ్రద్ధ యందురు. ప్రతి నిర్ణయము తానే చేయును. జనులు సామర్థ్య మందురు. లేఖనము తెరచును గాని ఆదివారపు ప్రసంగమునకే తెరచును. ప్రార్థించును గాని వినువారున్నప్పుడే ప్రార్థించును. పొరుగు సంఘము వృద్ధిపొందెనని వినగానే వాని ముఖము చిన్నబోవును. ఇంటికి వచ్చి పిల్లలమీద కసరుకొనును. ఈ కడపటి గురుతును మొట్టమొదట కనిపెట్టునది అతని భార్య. మనము అమ్మగారని పిలుచు ఆమె ఆకలినిగూర్చి మరియొక పాఠమే వ్రాయవలసియున్నది.

మన విద్యార్థులలో అనేకులు కాఫీతోటల నడుమ పెరిగినవారు. వారిని మేమొక మాట అడిగెదము. కాఫీమొక్కకు సిల్వరు ఓకు చెట్ల నీడ ఎందుకు? నీడ లేని మొక్క చచ్చునని వెంటనే చెప్పుదురు. కాని అది వెంటనే చావదు సుమా! పూర్తి యెండలో నిలిచిన మొక్క మొదట విరగకాయును. తనలో దాచుకొన్న సత్తువ యంతయు కాయలకే వ్యయపరచును. పిమ్మట కొమ్మలు చివరలనుండి ఎండుకొని వచ్చును. విరగకాచిన యేట దానిని చూచి మురిసిన రైతు తెలివిగలవాడు కాడు. విశ్రాంతి లేక పరుగెత్తు బోధకుని మెచ్చుకొను సంఘమునుగూర్చియు మా యభిప్రాయమిదియే.

ఏలీయా చరిత్రను ఇచ్చట జ్ఞాపకము చేసికొందము. కర్మెలు కొండమీద గొప్ప జయము పొందిన ప్రవక్త, స్వల్పకాలములోనే అరణ్యమున బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు వానిని గద్దింపలేదు. వెంటనే క్రొత్త పనియు అప్పగింపలేదు. నిద్రపోనిచ్చెను. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లను దూతచేత ఇప్పించెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ప్రయాణమును, కొండగుహయు, మెల్లని స్వరమును ఆ తరువాతనే. పరలోకము సేవకుని నడిపించిన ఈ క్రమమును మన సంఘపు పెద్దలు శ్రద్ధగా గమనింపవలెను. అలసినవానికి మనము సాధారణముగా పంపునది అప్పము కాదు, మరియొక కమిటీ ఉత్తరువు.

లూథరు గారు తన పెద్ద క్యాటికిజమునకు వ్రాసిన పీఠికలో, తాను పండితుడును బోధకుడునై యుండియు, బాలునివలె ప్రతిదినము పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును, ప్రభుప్రార్థనను వల్లించుకొనుచుంటినని చెప్పుకొనెను. మాకు ఆశ్చర్యము కలిగించునది ఆయన పాండిత్యముకంటె ఈ అభ్యాసమే. నాయకుడు దినములో కొంతసేపైన నాయకుడు కాక యుండవలెను. ఎవరికిని బోధింపవలసిన పని లేక, కేవలము ఒక బిడ్డగా తండ్రియెదుట కూర్చుండవలెను.

ఈ సందర్భమున మన కొండలకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. ఇచ్చటి కాపరులు కొందరి యింటిభాష కువి. మరికొందరిది ఆదివాసీ ఒడియా లేక వేరొకటి. వారు పుల్పిటునుండి తెలుగులో ప్రార్థింతురు. నేర్చుకొన్న గంభీరమైన మాటలు వాడుదురు. అది తప్పు కాదు. కాని తలుపు మూసికొని ఒంటరిగా ప్రార్థించునప్పుడును ఆ అరువుమాటలే వాడినయెడల, దేవునియెదుటను సభామర్యాదయే పాటించినట్లగును. సాలూరు మిషనులోని శుల్జు దొరగారు కష్టపడి కువి భాషకు వ్యాకరణము వ్రాసి 1911లో ప్రచురించిరి. పరదేశీయుడొకడు అంత శ్రమకోర్చి అభ్యసించిన భాషను, దానిలో ఏడ్చుటయు నవ్వుటయు నేర్చినవాడు తన ప్రార్థనగదిలో వాడుటకు సిగ్గుపడనేల? తల్లితో మొరపెట్టుకొన్న మాటలతోనే తండ్రికి మొరపెట్టుకొనవచ్చును.

అయితే ఒంటరి ప్రార్థన మాత్రమే చాలదు. ఒకరి ముఖమును ఒకరు చూడవలెను. దీనికి క్రొత్త సంస్థ యేదియు స్థాపింపనక్కరలేదు. వారమునకొక దినమున అన్ని గూడెములవారును సంతకు దిగుదురు గదా. బేరములు ముగిసి జనము తిరుగుముఖము పట్టిన తరువాత, ముగ్గురు నలుగురు కాపరులు ఒక గంట కలిసి కూర్చుండవచ్చును. బాప్తిస్మముల లెక్కలు గాని, కానుకల మొత్తములు గాని అచ్చట ఎత్తరాదు. ఒకరు వాక్యము చదువగా తక్కినవారు ఊరక వినవలెను. గడచిన వారమున ఒంటరిగా ఎప్పుడు ప్రార్థించితిరి, ఎవరిమీద కోపము నిలిచియున్నది, ఇంటిలో ఎట్లు మాటలాడితిరి అని ఒకరినొకరు అడుగవలెను. విన్నది బయటికి పోరాదు. సంఘస్థులు ఆ గంటసేపు అయ్యగారిని ఏ పనికిని పిలువక యుండుటయే వారు చేయగల సహాయము.

తరగతులు విడిచిన పిమ్మట మా పాఠశాలలో ఒక గదిని ఇట్టి కూడికకు తెరచియుంచుటకు ఉపాధ్యాయులమైన మేము సంసిద్ధులము. చాపలును, కుండలో మంచినీళ్లును ఉండును. గంట కొట్టము.