ట్రక్కు కింద గచ్చు

నాలుగేళ్ల కిందట మా దొడ్లో పోయించిన గచ్చు రెండో వానాకాలానికే పగిలింది. నడిమధ్యలో కాదు, గేటు వైపు మూలన. ధాన్యం లోడుతో వచ్చే ట్రక్కు ఎడమ చక్రం రోజూ ఆ మూల మీదుగానే ఎక్కేది. మేస్త్రి వచ్చి చూసి "సిమెంటు నాణ్యం లేదండీ" అన్నాడు. తప్పు సిమెంటుది కాదు, నాది. బండి ఎలా తిరిగి లోపలికొస్తుందో చూడకుండా, పది అడుగుల వెడల్పు చాల్లే అని తాడు కట్టించేశాను.

ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిబండిని మా డెల్టా వైపు ట్రక్కంటాం, తెలంగాణలో ట్రాలీ అంటారు. ట్రాక్టరు కిరాయికి తిప్పుకునేవాడికి ఆ ట్రక్కును రాత్రిళ్లు ఎక్కడ నిలపాలన్నదే పెద్ద తంటా. వీధిలో వదిలితే వచ్చేపోయేవాళ్లకు అడ్డం. దొడ్లో మట్టి మీద వదిలితే శ్రావణంలో తెల్లారేసరికి చక్రాలు జానెడు దిగి ఉంటాయి. గచ్చు పోయించుకోవాలనే ఆలోచన మంచిదే. కాకపోతే సిమెంటు కొట్టుకు వెళ్లకముందే చేయాల్సిన పని ఒకటుంది.

ఖాళీ ట్రక్కును రోజూ వచ్చే దారినే రివర్సు కొట్టి నిలపండి. దిగి, టైర్లు నడిచిన చోటల్లా ముగ్గుపిండి చల్లండి. బండి బయటికి తీసి మళ్లీ అలాగే పెట్టండి. మూడుసార్లు పెడితే మూడు చోట్ల గీతలు పడతాయి, ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా సరే. స్టాండు దిగే చోట కూడా గుర్తు పెట్టండి. రెండు చక్రాల ట్రక్కును ట్రాక్టరు నుంచి విప్పితే, అప్పటిదాకా ట్రాక్టరు మోసిన ముందు బరువంతా అరచేయంత స్టాండు మీదకి వస్తుంది. ఈ గుర్తులన్నిటికీ బయట ఇంకో అడుగున్నర వదిలి అప్పుడు తాడు కట్టించండి. గచ్చు మధ్యలో చక్రం నిలిస్తే బరువును నాలుగు వైపుల కాంక్రీటూ పంచుకుంటుంది. అంచున నిలిస్తే ఒక పక్క పంచుకునేదే ఉండదు. నాకు పగిలింది అందుకే. బండి ఎక్కే వైపు అంచును మాత్రం మరో మూడు అంగుళాలు లోతుగా తవ్వించి మందంగా పోయిస్తే ఇంకా మంచిది.

బరువు సంగతి చూద్దాం. 75 కిలోల బస్తాలు అరవై వేస్తే నాలుగున్నర టన్నులు. ట్రక్కు సొంత బరువు కలిపితే ఆరు టన్నులకు దగ్గర. కారు నిలిపే నాలుగంగుళాల గచ్చు దీనికి పనికిరాదు, ఆరంగుళాలు ఉండాలి.

అయితే పై ఆరంగుళాల కంటే కింద ఉన్న అడుగున్నర ముఖ్యం. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద ఎంత గట్టి కాంక్రీటు పోసినా ఒక పక్క లేచి ఇంకో పక్క కుంగుతుంది. కాబట్టి అడుగున్నర మట్టి ఎత్తేసి గ్రావెల్ నింపించండి. మీ వైపు మొరం దొరికితే మొరం. అంతా ఒకేసారి గుమ్మరిస్తే ఒప్పుకోకండి. ఆరంగుళాలు పోసి, తడిపి, రోలరో దిమ్మిసో ఆడించి, ఆ తర్వాతే పై పొర. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు. మేస్త్రిది గుత్త పని అయితే ఈ పొరలు పోసే రోజులన్నీ దగ్గరుండి చూసుకోవాల్సింది మీరే.

ఇక లెక్క. ఇది ఉదాహరణకే, మీ గుర్తులు ఎంత వెడల్పు చెబితే అంతకి మార్చుకోండి. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం అంటే వంద ఘనపుటడుగులు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, 20 ఎం.ఎం. కంకర మూడు పాళ్లు కలిపితే సిమెంటు 23 బస్తాలు, ఇసుక 42 ఘనపుటడుగులు, కంకర 84 పడతాయి. వృథాకి కొంచెం కలుపుకోండి. 8 ఎం.ఎం. ఊచలు రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాల ఎడంలో కడితే 76 కిలోల దాకా అవుతాయి. మందంగా పోసే అంచుకి వేరే లెక్క వేసుకోండి.

ఊచల దగ్గర మా ఊళ్లో ప్రతి ఇంటా జరిగే తప్పొకటి. నేల మీద పరిచేసి పైన కాంక్రీటు పోసేస్తారు. పోస్తూ పోస్తూ పైకి లాగుతామంటారు, ఎవరూ లాగరు. అడుగున పడున్న ఊచ వల్ల గచ్చుకి ఒరిగేదేమీ లేదు. పగులును విచ్చుకోకుండా పట్టి ఉంచాలంటే అది పై నుంచి రెండంగుళాల లోతులో ఉండాలి. కుర్చీల్లా వంచిన ముక్కల మీద నిలబెట్టి, కాలు పెడితే కుంగకుండా కట్టించండి.

రెండో తప్పు నీళ్లు. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గరున్న కుర్రాడు పలచగా ఉంటే పని తేలికని బకెట్ల కొద్దీ గుమ్మరిస్తాడు. బస్తాకి 27 లీటర్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే అందులోనూ తగ్గించాలి. అతని చేతికి గుర్తు గీసిన బకెట్టు ఇవ్వండి. అతనికి టీ ఇప్పించి పక్కనే నిలబడితే ఇంకా నయం.

ఇరవై అడుగుల గచ్చుని ఒకే పలకగా వదిలితే అది తనకు తోచిన చోట చీలుతుంది. మర్నాటి పొద్దున్నే నడిమధ్యలో అడ్డంగా, కటింగ్ మిషన్‌తో ఒకటిన్నర అంగుళాల లోతు గాడి తీయిస్తే చీలిక వచ్చినా గాడిలోనే దాక్కుంటుంది. వాలు ఇరవై అడుగులకి రెండున్నర అంగుళాలు చాలు, ఇంటి గోడ వైపు కాకుండా కాలువ వైపుకి. అంతకు మించితే విప్పిన ట్రక్కు జారొచ్చు. వాలు తక్కువైనా చక్రాల వెనక రాయి పెట్టడం మానకండి. యూరియా బస్తా చిరిగి గచ్చు మీద ఒలికితే ఊడ్చి కడిగేయండి. ఎరువులు కాంక్రీటుని తినేస్తాయి.

ఎప్పుడు పోయించాలంటే, నా మాట సంక్రాంతి దాటాక. వాన ఉండదు, ఎండ ముదరదు, దాళ్వా కోతలకు ఇంకా వ్యవధి ఉంటుంది. గట్టిపడ్డాక పైన మట్టితో మడి కట్టి నీళ్లు నిలపండి. బస్తా మీద పీపీసీ అని ఉంటే కనీసం పది రోజులు, ఓపీసీ అయితే ఏడు. కిరాయి పిలుపు వచ్చిందనో, వీధిలో బండి అడ్డంగా ఉందని పక్కింటాయన గొణుగుతున్నాడనో తొందరపడకండి. పోసిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి. 28 రోజులు నిండేదాకా లోడు ట్రక్కును దాని మీదకి ఎక్కించకండి.