పనికి తగిన పనిముట్టు: తెరపై దృశ్యములకు సాధనముల ఎన్నిక

హౌరా స్టేషను నుండి బర్ద్వాన్ వైపు బయలుదేరిన లోకల్ రైలుకు మొదటి మజిలీ లిలువా. హుగ్లీ నదికి పశ్చిమ తీరమున ఉన్న ఈ ఊరికి పేరు తెచ్చినది తూర్పు రైల్వే వారి పెట్టెల, వ్యాగన్ల కర్మాగారము. వేల మైళ్లు తిరిగి అలసిన పెట్టెలు నిర్ణీత కాలమునకు ఇటువంటి కర్మాగారములకు చేరును. అక్కడ వాటిని విడదీసి, పరీక్షించి, అరిగిన భాగములను మార్చి, మరల కూర్చి పట్టాలపైకి పంపుదురు. బోల్టు కొలత చూడక ముందే స్పానరు ఎన్నుకొను ఫిట్టరు అక్కడ ఎవడును ఉండడు.

గణకయంత్ర రంగమున ప్రవేశించు యువకులలో అనేకులు ఈ చిన్న సూత్రమును మరచుచున్నారు. గ్రాఫిక్సు, విజువల్ ఎఫెక్ట్సు, ఆగ్మెంటెడ్ రియాలిటీ అను మాటలు వినగానే వారు అడుగు మొదటి ప్రశ్న: “ఏ సాఫ్ట్‌వేరు నేర్వవలెను?” మొదట అడుగవలసినది: “చేయవలసిన పని ఏది?” ఈ తారుమారు వలన అభ్యాసకుని కాలమును, కుటుంబము కూడబెట్టి చెల్లించిన రుసుమును వృథా యగుచున్నవి.

మూడు పనులు, మూడు స్వభావములు

గ్రాఫిక్సు ప్రోగ్రామింగు అనగా తెరపై ప్రతి చుక్కకు రంగును లెక్కగట్టు విద్య. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలో రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ ఈ విద్యకు తొలి మెట్లలో ఒకటి. తెరపై కాంతి కలముతో గీతలు గీసి, వాటిని మార్చుటకు అది వీలు కల్పించినది.

విజువల్ ఎఫెక్ట్సు అనగా కెమెరా పట్టిన దృశ్యమునకు, అది పట్టని దృశ్యమును జతపరచుట. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమున మార్కస్ బార్ట్‌లే గణకయంత్ర సహాయము లేకయే కెమెరాతో మాయలు చూపెను. 2009 నాటి ‘మగధీర’, 2012 నాటి ‘ఈగ’ గణకయంత్రముతో అదే పని చేసి, స్పెషల్ ఎఫెక్ట్సు విభాగమున జాతీయ పురస్కారములు పొందినవి.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అనగా ఎదుట ఉన్న వస్తువుపై, చూచుచున్న క్షణముననే, బొమ్మనో వ్రాతనో అమర్చి చూపుట. ఈ పేరు పుట్టినది వినోదశాలలో కాదు, కర్మాగారములో. 1990లో బోయింగ్ విమాన సంస్థలో పని చేయుచున్న టామ్ కాడెల్ దీనిని వాడెను. విమానములోని తీగలను కూర్చు కార్మికునకు, ఏ తీగ ఎక్కడికి పోవలెనో కంటి ఎదుటనే చూపవలెనన్నది అప్పటి ఆశయము. కావున ఈ విద్యకును లిలువా వంటి ఊరికిని గల సంబంధము దూరపుది కాదు.

గడువు చెప్పు తీర్పు

ఈ మూడు పనులను వేరుపరచునది ముఖ్యముగా కాలపు గడువు. సినిమాకు సెకనుకు 24 చిత్రములు కావలెను. ఒక్కొక్క చిత్రము సిద్ధమగుటకు ఒక గంట పట్టినను నష్టము లేదు. ఒక సెకను దృశ్యమునకు ఒక యంత్రము 24 గంటలు తీసికొనును. పది యంత్రములున్నచో మూడు గంటలలోనే ముగియును. ప్రేక్షకుడు చూచునది ఫలితమునే గాని నిరీక్షణను కాదు.

ఆటలోను, ఆగ్మెంటెడ్ రియాలిటీలోను అట్లు కుదరదు. సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క దానికి దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. తెరపై 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు ఉన్నచో మొత్తము చుక్కలు 20,73,600. సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఒకే లెక్కను వేల చుక్కలపై ఒక్కమారు నడుపు గ్రాఫిక్సు ప్రాసెసరు పుట్టినది ఇందువలననే. ఆ ప్రాసెసరుపై నడచు చిన్న ప్రోగ్రామునకు షేడర్ అని పేరు.

సాధనములలోని అంతస్తులు

సాధనములు ఒకే వరుసలో నిలువవు, అంతస్తులుగా ఉండును. అడుగున ప్రాసెసరుతో నేరుగా మాటలాడు సాధనములు కలవు. 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్, 2016లో వచ్చిన వల్కన్ ఇట్టివి. రెండవ దానిలో అధికారము ఎక్కువ, శ్రమయు ఎక్కువ. ఒక త్రిభుజము గీయుటకే వందల పంక్తులు వ్రాయవలసి వచ్చును. మూలసూత్రములు నేర్చుకొనదలచిన వానికి ఓపెన్‌జీఎల్ నేటికిని మంచి బడి. యంత్రపు శక్తిని చివరి బొట్టు వరకు పిండదలచిన వానికి వల్కన్ తగినది.

దానిపై అంతస్తు ఇంజిన్లది. యూనిటీలో సీ షార్ప్ భాష, అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్ భాష ప్రధానములు. గోడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. కాంతి, చలనము, ధ్వని, తాకిడి వీటిలో సిద్ధముగా దొరకును.

మూడవ అంతస్తు శిల్పి పనిముట్లది. బ్లెండర్, హుడిని మొదలగునవి ఆకృతులను చెక్కుటకు, పొగను, నీటిని, నిప్పును కల్పించుటకు ఉపకరించును. రెండింటిలోను పైథాన్ భాషతో పనులను నడపవచ్చును. ప్రజల విరాళములతో 2002లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా మారిన బ్లెండర్‌తో నిర్మించిన ‘ఫ్లో’ చిత్రము 2025లో ఆస్కార్ గెలుచుకొన్నది. ఉచితమైనది తక్కువది అను అపోహకు ఇది చాలిన సమాధానము.

వీటికి ప్రక్కన నిలుచునవి కెమెరా చిత్రమును అర్థము చేసికొను లైబ్రరీలు. ఓపెన్‌సీవీ అందులో ప్రసిద్ధము. 1999లో జపాను శాస్త్రజ్ఞుడు హిరోకాజు కాటో రూపొందించిన ఏఆర్‌టూల్‌కిట్ నలుపు చతురస్రపు గుర్తును కనిపెట్టి, దానిపై బొమ్మను నిలిపెను. 2017లో వచ్చిన ఏఆర్‌కిట్, 2018లో పూర్తి రూపమున వెలువడిన ఏఆర్‌కోర్ చేతిలోని ఫోనునే ఇందుకు సాధనముగా మార్చినవి.

లిలువా చెప్పు ఉదాహరణ

ఒక ఊహా ఉదాహరణ తీసికొనవచ్చును. లిలువాలో శిక్షణ పొందుచున్న ఒక యువకుడు, రైలు పెట్టె క్రింది బోగీ వైపు ఫోను చూపగానే దాని భాగముల పేర్లు తెరపై కనబడునట్లు ఒక బోధన సాధనము చేయదలచెననుకొనుడు. అతడు ఏమి ఎన్నుకొనవలెను?

మొదట పొరపాటు విలువను లెక్కించవలెను. చూచువాడు సెకనుకు 50 డిగ్రీల వేగమున ఫోను త్రిప్పినపుడు, బొమ్మ 20 మిల్లీసెకన్లు ఆలస్యముగా కదలినచో తేడా ఒక డిగ్రీ. రెండు మీటర్ల దూరమున ఒక డిగ్రీ అనగా సుమారు మూడున్నర సెంటీమీటర్లు. సినిమాలో ఈ తేడాను సరిదిద్దుటకు వ్యవధి ఉండును. ఇచట అది ఒక బోల్టు పేరును ప్రక్క బోల్టుపై నిలుపును. ఆ బోల్టుపై ఆధారపడి ప్రయాణించువారు వందల మంది. కావున ఇట్టి సాధనము పేర్లు నేర్పుటకు పనికివచ్చును గాని, పరీక్షకు ప్రత్యామ్నాయము కాజాలదు. కొలత విషయమున గేజీదే తుది మాట.

రెండవది పరిసరము. నున్నగా మెరయు ఉక్కు మీద కెమెరాకు పట్టుకొనదగిన గుర్తులు తక్కువ. ఉక్కు సమీపమున ఫోనులోని దిక్సూచియు తడబడును. గుర్తులను తనంతట వెదకు పద్ధతి కంటె, ముద్రించిన చతురస్రమును భాగము వద్ద అంటించు పాత పద్ధతియే ఇచట ఎక్కువ నమ్మదగినది. క్రొత్తది ఎల్లప్పుడును మేలైనది కాదు.

మూడవది చేతిలో ఉన్న పరికరము. ఏఆర్‌కోర్ అన్ని ఫోన్లలోను నడువదు. ఖరీదైన ఫోనులో మాత్రమే పని చేయు బోధన సాధనము శిక్షణార్థులలో కొందరినే చేరును.

అక్షరము నిలుచునా?

నాలుగవ ప్రశ్నను పలువురు మరచెదరు. ఆ తెరపై పేర్లు ఏ భాషలో ఉండవలెను? హుగ్లీ తీరపు జనపనార మిల్లులలోను, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారములోను తెలుగువారు తరతరములుగా పని చేసిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాష హోదా కల్పించుటకు ఆమోదము తెలిపినది. బెంగాలీ, హిందీ, తెలుగు ఒకే చోట వినబడు కర్మశాలకు మూడు లిపులును కావలెను.

మన లిపులు ఆంగ్లమువలె అక్షరము ప్రక్కన అక్షరము పేర్చినంతనే సిద్ధింపవు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము యంత్రములో ఆరు సంకేతములుగా దాగి ఉండును. చివరనున్న గుడిదీర్ఘము మొదటి అక్షరపు తలపైకి చేరవలెను. బెంగాలీ, హిందీలలో హల్లు తరువాత నిలువ ఉన్న ఇకార చిహ్నము హల్లునకు ముందు కనబడవలెను. ఈ కూర్పును హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ చేయును. 2023లో వచ్చిన గోడో 4 దీనిని తనలో ఇముడ్చుకొన్నది. ఈ ఏర్పాటు లేని సాధనములో ‘బ్రేకు’ అను మాట ‘బ్‌రేకు’ అని విరిగిపోవును. చదువరాని హెచ్చరిక హెచ్చరికయే కాదు. అందుచేత ఏ ఇంజిన్‌ను నమ్ముకొనుటకు ముందైనను, దానిలో ఒక తెలుగు వాక్యము, ఒక బెంగాలీ వాక్యము వ్రాసి చూడవలెను. ఇది అయిదు నిమిషముల పరీక్ష. నెలల శ్రమను కాపాడును.

సాధనమునకును ఆయువు కలదు

సాధనములు శాశ్వతములు కావు. ఒకప్పుడు ఇంటింట వెలసిన ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసినది. గూగుల్ వారి టాంగో 2018లో నిలిచిపోయినది. యూనిటీ సంస్థ 2023లో ప్రకటించిన క్రొత్త రుసుమును నిరసనల నడుమ మరుసటి యేడు రద్దు చేయవలసి వచ్చినది. ఒకే సంస్థ మీద మొత్తము భారము మోపినవాడు ఆ సంస్థ నిర్ణయమునకు బందీ యగును. బొమ్మలను, ఆకృతులను అందరు చదువగల రూపములలో భద్రపరచుకొన్నవానికి ఒక సాధనము పోయినను పని పోదు.

అయితే కొన్ని విద్యలకు ఆయువు దీర్ఘము. సదిశలు, మాత్రికలు, కోణములు, కాంతి గణితము స్కెచ్‌ప్యాడ్ నాడు ఎట్లుండెనో నేడును అట్లే ఉన్నవి. సాధనము మారినపుడు ఈ గణితము వచ్చినవాడు వారములలో కోలుకొనును. మీటల స్థానమును మాత్రమే నేర్చినవాడు మొదటికి వచ్చును.

ఎన్నిక క్రమము

సంగ్రహముగా అభ్యాసకుడు వేసికొనవలసిన ప్రశ్నలు ఆరు. ఫలితము తక్షణము కావలెనా, తరువాత వచ్చినను చాలునా? తప్పు జరిగినచో నష్టపడునది ఎవరు? ఏ యంత్రముపై నడువవలెను? ఏ లిపులు చూపవలెను? ధర, అనుమతి షరతులు ఏవి? సాధనము మూతపడినచో చేతిలో ఏమి మిగులును? వీటికి కాగితముపై జవాబులు వ్రాసినపిమ్మట రెండు సాధనములను ఎన్నుకొని, ఒకే చిన్న పనిని రెండింటను చేసి చూచుట ఉత్తమము. ఒక వారపు ప్రయోగము ప్రకటనల కంటె నిజము చెప్పును.

దేశములో తొలి డిజిటల్ గణకయంత్రము 1950ల నడుమ నెలకొన్నది కలకత్తాలోని భారత గణాంక సంస్థలోనే. నాడు అది కొద్దిమంది శాస్త్రజ్ఞుల సొత్తు. నేడు అంతకంటె శక్తిమంతమైన యంత్రము శిక్షణార్థి జేబులో ఉన్నది. దానిపై వ్రాయు పేర్లు తెలుగు ఫిట్టరుకును, బెంగాలీ వెల్డరుకును, బీహారు నుండి వచ్చిన వడ్రంగికిని సమానముగా చదువ వీలైననాడు ఆ సాధనము ఎన్నిక సార్థకమైనట్లే.